చెరువు గట్ల మీద తిరిగే ట్యాబ్‌లలో నెట్‌వర్క్ సెట్టింగులను ఎంతవరకు మూసేయాలి?

గట్టుచీటీ (భీమవరం):

అందరికీ నమస్కారం. భీమవరం దగ్గర ఒక రొయ్యల కొనుగోలు సంస్థలో లెక్కలు చూస్తాను. గట్ల మీదికి వెళ్లే ట్యాబ్‌ల బాధ్యత కూడా నాదే. వాటి నెట్‌వర్క్ సెట్టింగుల విషయంలో అనుభవం ఉన్నవారి సలహా కావాలి.

ముందు మా పని ఎలా సాగుతుందో చెప్పాలి, లేకపోతే నా ఇబ్బంది అర్థం కాదు. ఈ ట్యాబ్‌లు ఏ ఒక్కరివీ కావు. పట్టుబడికి ఏ జట్టు వెళ్తే ఆ జట్టు చేతిలో ఉంటాయి. ఇవాళ కాళ్ల వైపు వెళ్లిన ట్యాబ్ రేపు మొగల్తూరు వెళ్తుంది, ఎల్లుండి చించినాడ వంతెన దాటి రాజోలు వైపు పోతుంది. తెల్లవారకముందే వల లాగుతారు. రొయ్యలు గట్టు మీదికి రాగానే ఒక కిలో తూచి, అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి కౌంటు తేలుస్తారు. మా మనిషి కాటా బరువూ కౌంటూ ట్యాబ్‌లో వేస్తే, ఆ రోజు రేటు ప్రకారం లెక్క కట్టి, నడుముకు తగిలించుకున్న చిన్న బ్లూటూత్ ప్రింటరు మీద చీటీ వస్తుంది. రైతు ఫోనుకు సందేశం కూడా వెళ్తుంది. మూడు నాలుగు నెలల పాటు ఏరేటర్ల కరెంటు బిల్లులు కట్టి, మేత దుకాణంలో అప్పు పెట్టి, రాత్రిళ్లు చెరువు దగ్గరే పడుకున్న రైతుకు చివర్లో చేతికి అందేది ఆ చీటీయే. అందులో తప్పు ఉండకూడదని నా పట్టుదల.

రొయ్య రేటు నిలకడగా ఉండదు. పొద్దున్నే కార్యాలయం నుంచి కొత్త పట్టిక ట్యాబ్‌లకు వెళ్తుంది. ఆ సమయానికి ట్యాబ్‌కు నెట్ లేకపోతే అందులో నిన్నటి పట్టికే ఉండిపోతుంది, చీటీ నిన్నటి రేటుతోనే వస్తుంది. రేటు తగ్గిన రోజైతే మా సంస్థ గొడవ పడుతుంది, పెరిగిన రోజైతే రైతు నష్టపోతాడు. రెండో రకం నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే చాలామంది రైతులు ఆ తేడాను గమనించరు, గమనించినా మళ్లీ కొనేవాళ్లం మేమే కాబట్టి గట్టిగా అడగరు.

ఇక నెట్ ఎందుకు పోతోందంటే కారణాలు చాలా ఉన్నాయి. ఎవరో ఏరోప్లేన్ మోడ్ వేసి మర్చిపోతారు. ఎవరో ట్యాబ్ నుంచి హాట్‌స్పాట్ ఇచ్చి తమ ఫోన్లలో వీడియోలు చూస్తారు, మధ్యాహ్నానికి ఆ రోజు డేటా అయిపోతుంది. ఒకరు సిమ్ సెట్టింగుల్లోకి వెళ్లి 4జీ తీసి 2జీ పెట్టారు. ఇంకొకరు నెట్‌వర్క్ రీసెట్ నొక్కారు, దాంతో దాచి ఉంచిన వైఫై పేర్లతో పాటు ప్రింటరు జత కూడా చెరిగిపోయింది. ఆ రోజు గట్టు మీద చీటీలు చేత్తో రాసి ఇచ్చారు.

ప్లే స్టోర్‌లో దొరికే ఒక కియోస్క్ యాప్ ప్రస్తుతం వాడుతున్నాం. తెర మీద చీటీల యాప్ ఒక్కటే కనిపిస్తుంది. కానీ పై నుంచి కిందికి లాగితే వైఫై, ఏరోప్లేన్, హాట్‌స్పాట్ గుర్తులన్నీ వచ్చేస్తున్నాయి. ట్యాబ్‌ను ఆపి మళ్లీ వెలిగిస్తే కొంతసేపు మామూలు ట్యాబ్‌లాగే ఉంటోంది.

మా యజమాని ఒకే మాట అంటున్నారు: "అన్నీ మూసేయండి, ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు." నాకు అక్కడే సందేహం. అన్నీ మూసేశాక తెల్లవారుజామున గట్టు మీద సిగ్నల్ అందక జట్టు నిలబడిపోతే ఎవరికి చెప్పుకుంటారు? కాబట్టి అడుగుతున్నాను. నిజంగా మూయడం ఎలా? ఏవి మూయాలి, ఏవి వదలాలి? మూసిన తర్వాత ట్యాబ్ నెట్‌కు దూరమైపోతే మళ్లీ ఎలా దారికి తేవాలి? ట్యాబ్‌లలో ఎక్కువ ఆండ్రాయిడ్ 13వి, రెండు మాత్రం పాతవి, ఆండ్రాయిడ్ 9వి.

పాలకొల్లు కాలువ:

గట్టుచీటీ గారూ, ఇంత దూరం ఆలోచించనక్కర్లేదేమో. ఫోను సెట్టింగుల్లో భద్రత విభాగంలో స్క్రీన్ పిన్నింగ్ అని ఒకటి ఉంటుంది. యాప్ తెరిచి దాన్ని పిన్ చేస్తే బయటకు రాకుండా ఉంటుంది, బయటకు రావాలంటే పిన్ నంబరు అడిగేలా పెట్టుకోవచ్చు. మా కొట్టులో వినియోగదారులు ధరలు చూసుకోవడానికి పెట్టిన ట్యాబ్‌కు అదే వాడుతున్నాను. రూపాయి ఖర్చు లేదు.

కాకినాడ పరికరాలు:

పాలకొల్లు కాలువ గారు చెప్పినది బల్ల మీద ఒకే చోట ఉండే ట్యాబ్‌కు సరిపోతుంది. చేతులు మారుతూ, రోజూ ఆరుతూ వెలుగుతూ, మనిషి పర్యవేక్షణకు దూరంగా ఉండే ట్యాబ్‌కు సరిపోదు. పిన్నింగ్ అనేది వాడుకరి తనకు తాను పెట్టుకునే అడ్డు. ట్యాబ్ ఆపి వెలిగిస్తే అది ఉండదు.

నేను ఆసుపత్రుల్లో, గిడ్డంగుల్లో పదిమంది చేతుల్లో తిరిగే పరికరాలు చూస్తాను. గట్టుచీటీ గారి ప్రశ్న నాకు బాగా తెలిసిన బాధే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మొదటి విషయం. మీరు వాడుతున్న కియోస్క్ యాప్ తెరను కప్పుతోంది, అంతే. దానికి ట్యాబ్ మీద అధికారం లేదు. ఆండ్రాయిడ్‌లో ఆ అధికారాన్ని డివైస్ ఓనర్ అంటారు. అది ఉన్న యాప్ మాత్రమే లాక్ టాస్క్ మోడ్ అనే అసలైన కియోస్క్‌ను అమలు చేయగలదు. ఈ ఏర్పాటు 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచీ ఉంది. డివైస్ ఓనర్‌ను పెట్టాలంటే ట్యాబ్‌ను పూర్తిగా చెరిపి కొత్తదానిలా మొదలుపెట్టాలి. స్వాగతం తెర మీద ఒకే చోట ఆరుసార్లు తడితే క్యూఆర్ కోడ్ చదివే తెర వస్తుంది. దూరం నుంచే ట్యాబ్‌లకు ఆదేశాలు పంపే నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఒకటి కావాలి, అది ఇచ్చిన కోడ్‌ను అక్కడ చూపించాలి. అలాంటి సాఫ్ట్‌వేర్‌లలో మైక్రోసాఫ్ట్ వారి ఇంటూన్ లాంటివి డబ్బు కట్టి వాడేవి. హెడ్‌విండ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వరు మీద పెట్టుకోవచ్చు. ఏది తీసుకున్నా చెరపడానికి ముందు ట్యాబ్‌లో నిలిచి ఉన్న చీటీలన్నీ సర్వరుకు చేరాయో లేదో చూసుకోండి.

రెండో విషయం. లాక్ టాస్క్ వేరు, నెట్‌వర్క్ ఆంక్షలు వేరు. చాలామంది మొదటిది పెట్టి రెండోది వచ్చేసిందనుకుంటారు. లాక్ టాస్క్ వల్ల అనుమతించిన యాప్‌లు తప్ప మిగతావి తెరుచుకోవు. నెట్‌వర్క్ ఆంక్షలను విడిగా, ఒక్కొక్కటిగా పెట్టాలి. మీ ఫిర్యాదుల వరుసలోనే చెబుతాను.

హాట్‌స్పాట్‌ను నిస్సందేహంగా మూసేయండి. టెథరింగ్ (ట్యాబ్ నెట్‌ను ఇతరులకు పంచడం) మీద ఆంక్ష పెడితే, ఆండ్రాయిడ్ 9 నుంచి, అప్పటికే నడుస్తున్న హాట్‌స్పాట్ కూడా ఆగిపోతుంది. ఏరోప్లేన్ మోడ్‌ను నిషేధించే ఆంక్ష కూడా ఆండ్రాయిడ్ 9లోనే వచ్చింది, కాబట్టి మీ పాత ట్యాబ్‌లకూ పనిచేస్తుంది. నెట్‌వర్క్ రీసెట్‌కు విడిగా ఒక ఆంక్ష ఉంది, అదీ పెట్టండి. మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగుల ఆంక్ష పెడితే 4జీ తీసి 2జీ చేసే పని ఆగిపోతుంది. వీపీఎన్ సెట్టింగులు కూడా మూసేయవచ్చు, గట్టు మీద వాటి అవసరం ఎవరికీ ఉండదు.

సేఫ్ మోడ్‌ను మరిచిపోవద్దు. ఆ మోడ్‌లో ట్యాబ్ వెలిగితే మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు. మీ ప్రస్తుత కియోస్క్ యాప్‌ను దాటడానికి అది సులువైన దారి. దానికీ ఆంక్ష ఉంది. ఫ్యాక్టరీ రీసెట్ ఆంక్ష సెట్టింగుల నుంచి చెరపడాన్ని ఆపుతుంది కానీ బొత్తాలు నొక్కి రికవరీ మెనూలోంచి చెరిపితే ఆపదు. అందుకని చెరిపిన తర్వాత మీ సంస్థ ఖాతా లేకుండా ట్యాబ్ పనిచేయకుండా ఉండే రీసెట్ రక్షణ కూడా పెట్టుకోవాలి.

బ్లూటూత్ విషయంలో జాగ్రత్త. బ్లూటూత్ సెట్టింగుల ఆంక్ష బ్లూటూత్‌ను ఆపదు, జత చేసిన ప్రింటరు పనిచేస్తూనే ఉంటుంది. కానీ ఆ ప్రింటరు నీళ్లలో పడి కొత్తది తెస్తే గట్టు మీద జత చేయడం కుదరదు. ఉప్పు గాలిలో, ఐసు నీళ్ల మధ్య ప్రింటర్లు ఎంతకాలం బతుకుతాయో మీకే బాగా తెలుసు. మీ పనిలో దీన్ని తెరిచి ఉంచమనే నా సలహా.

ఇక వైఫై. ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు. నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఆదేశాలు కూడా నెట్ ద్వారానే ట్యాబ్‌కు చేరాలి. మీ కేంద్రంలో వైఫై రహస్యపదం మార్చారనుకోండి. ట్యాబ్‌లో పాత పదమే ఉంది, వైఫై సెట్టింగులు మూసి ఉన్నాయి, సిమ్‌లో డేటా అయిపోయింది. అప్పుడు కొత్త పదాన్ని ట్యాబ్‌కు చెప్పే దారే ఉండదు. కాలువ గేట్లన్నీ దించి తాళం చెవిని దిగువ పొలంలో పెట్టినట్టు అవుతుంది. గిడ్డంగుల్లో ఇలా నిలిచిపోయిన పరికరాలను ఒక్కొక్కటిగా చెరిపి మళ్లీ మొదలుపెట్టడం నేను చూశాను.

ఈ పరిస్థితి రాకుండా నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లు వాడుకోవడానికి గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్ మేనేజ్‌మెంట్ ఏపీఐలో నెట్‌వర్క్ ఎస్కేప్ హ్యాచ్ అనే వెసులుబాటు ఉంది. ట్యాబ్ వెలిగేటప్పుడు ఏ నెట్‌వర్కూ దొరకకపోతే, తాత్కాలికంగా ఏదైనా నెట్‌వర్క్‌కు కలపమని వాడుకరిని అడుగుతుంది. కలిపాక కొత్త ఆదేశాలు తెచ్చుకుని, ఆ తాత్కాలిక నెట్‌వర్క్‌ను మరచిపోయి, మామూలుగా కియోస్క్‌లోకి వెళ్తుంది. మీరు తీసుకునే సాఫ్ట్‌వేర్‌లో ఇది ఉందో లేదో కొనక ముందే అడగండి. దొరికితే తప్పకుండా పెట్టండి. రహస్యపదం మార్చేటప్పుడు కూడా కొత్త నెట్‌వర్క్ వివరాలు అన్ని ట్యాబ్‌లకూ చేరాయని తేలాకే పాతది తీసేయండి.

ఆండ్రాయిడ్ 13లో మీ పనికి సరిగ్గా సరిపోయే ఆంక్ష ఒకటి వచ్చింది. వైఫైని పూర్తిగా మూయకుండా, కొత్త నెట్‌వర్క్‌లు చేర్చడాన్ని మాత్రమే ఆపుతుంది. ముందే మనం పెట్టిన నెట్‌వర్క్‌ల మధ్య వాడుకరి మారవచ్చు. వైఫైని ఆపడం, వెలిగించడం నిషేధించే ఆంక్ష కూడా 13లోనే విడిగా వచ్చింది. మీ ఆండ్రాయిడ్ 9 ట్యాబ్‌లలో ఇవి లేవు. వాటిలో వైఫై సెట్టింగులు మొత్తం మూయడమా, మొత్తం వదలడమా అన్న రెండే దారులు.

చివరగా సమయం. తేదీ, సమయం తప్పుగా ఉంటే సర్వరుతో భద్రమైన అనుసంధానం కుదరదు, నెట్ ఉన్నా లేనట్టే ఉంటుంది. సమయం దానంతట అదే సరిచేసుకునేలా పెట్టి, మార్చకుండా మూసేయండి. నెట్ రావడం లేదని నాకు వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి అసలు కారణం ఇదే.

వశిష్ఠ ఒడ్డు (నర్సాపురం):

నేను కార్యాలయంలో కాదు, గట్టు మీద చీటీలు వేసే పనిలో ఉన్నాను. వేరే సంస్థ. పైన రాసినవన్నీ చదివాను. మా వైపు మాట కూడా వినాలని రాస్తున్నాను.

ఏరోప్లేన్ మోడ్ ఎందుకు వేస్తామో ఎవరూ అడగరు. సముద్రం వైపు వెళ్లేకొద్దీ కొన్ని గట్ల మీద సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ట్యాబ్ దాన్ని వెతుక్కుంటూ ఛార్జింగు తినేస్తుంది. రాత్రి బయలుదేరినప్పుడు నిండుగా ఉన్న ట్యాబ్ తూకం మొదలయ్యే వేళకు సగం అయిపోతుంది. గట్టు మీద ఛార్జింగు పెట్టుకునే చోటు ఉండదు. అందుకని దారిలో ఏరోప్లేన్ వేసి గట్టు మీద తీస్తాం. కొందరు తీయడం మరిచిపోతారు, నిజమే. దాన్ని మూసేస్తే మాకు పవర్ బ్యాంకు ఇవ్వండి.

వైఫై మాట కూడా అంతే. మా ట్యాబ్‌లో ఒక కంపెనీ సిమ్ ఉంటుంది. అది అందని చోట లారీ డ్రైవరు ఫోనులో ఇంకో కంపెనీ సిమ్ అందుతుంది. ఆయన హాట్‌స్పాట్ ఇస్తే దానికి కలిపి రేట్లు తెచ్చుకుంటాం. మాలో వీడియోలు చూసేవాళ్లు ఉన్నారు, లేరని అనను. కానీ ఎక్కువసార్లు మేము వైఫై ముట్టుకునేది పని జరగడానికే. రొయ్య గట్టు మీదికి వచ్చాక ఎవరికోసమూ ఆగదు. ఐసు పడాలి, తూకం అవ్వాలి, లారీ కదలాలి. ఆలస్యమైతే రొయ్య మెత్తబడుతుంది. రైతు మా మొహం వైపు చూస్తూ ఉంటాడు. "సెట్టింగులు మూసేశారండి, నేనేమీ చేయలేను" అని ఆయనతో చెప్పడం ఎంత కష్టమో కార్యాలయంలో కూర్చున్నవారికి తెలియాలి.

ఇంకో మాట. మా సంస్థ ఈమధ్య ట్యాబ్‌లను బిగించినప్పుడు తెర పైన ఉండే సిగ్నల్ గీతలు, బ్యాటరీ గుర్తు కూడా మాయం చేశారు. సిగ్నల్ ఉందో లేదో తెలియకుండా ట్యాబ్ ఎత్తి పట్టుకుని గట్టు ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తున్నాం. గట్టుచీటీ గారూ, మీరు ఏది మూసినా సరే, ఆ గీతలు కనిపించనివ్వండి.

కాకినాడ పరికరాలు:

వశిష్ఠ ఒడ్డు గారు రాసింది నా సమాధానం కంటే విలువైనది. సిగ్నల్ గీతల సంగతి నేను పైనే రాయాల్సిన విషయం. లాక్ టాస్క్‌లో పైపట్టీ మామూలుగా ఖాళీ అయిపోతుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి ఏవి కనిపించాలో ఎంచుకోవచ్చు. నోటిఫికేషన్లు మూసి, సిస్టమ్ సమాచారం మాత్రం తెరిచి ఉంచే ఎంపిక తీసుకోండి. అప్పుడు సిగ్నల్, బ్యాటరీ గుర్తులు కనిపిస్తాయి, పట్టీని కిందికి లాగడం మాత్రం కుదరదు. వశిష్ఠ ఒడ్డు గారూ, మీ సంస్థలో పరికరాలు చూసేవారికి ఈ మాట చెప్పండి, ఒక్క ఎంపిక మారిస్తే చాలు.

డ్రైవరు హాట్‌స్పాట్ విషయంలో నా ఆలోచన ఇది. ప్రతి లారీలోనూ ఇంకో కంపెనీ సిమ్ వేసిన చిన్న వైఫై రౌటరు పెట్టండి. అన్ని లారీల రౌటర్లకూ ఒకే పేరు, ఒకే రహస్యపదం ఇచ్చి, ఆ వివరాలు నిర్వహణ సాఫ్ట్‌వేర్ ద్వారా అన్ని ట్యాబ్‌లలోనూ ముందే పెట్టండి. ఏ ట్యాబ్ ఏ లారీతో వెళ్లినా దానంతట అదే కలుస్తుంది. గట్టు మీద మనిషి సెట్టింగుల్లోకి వెళ్లాల్సిన అవసరమే తగ్గిపోతుంది. రహస్యపదం మనుషులకు చెప్పనక్కర్లేదు. చెప్పకపోతే వారి ఫోన్లు దానికి కలవవు, డేటా మిగులుతుంది. ట్యాబ్‌లో రెండు సిమ్‌లకు చోటు ఉంటే రౌటరు లేకుండానే రెండో కంపెనీ సిమ్ వేయవచ్చు. కానీ అప్పుడు సిమ్ మార్చుకునే దారి వాడుకరికి వదలాలి, అంటే మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగులు మూయలేరు. నాకు రౌటరే మేలనిపిస్తుంది.

గట్టుచీటీ (భీమవరం):

వశిష్ఠ ఒడ్డు గారూ, మీరు రాసినది మా యజమానికి యథాతథంగా చదివి వినిపించాను. ఛార్జింగు కోసం ఏరోప్లేన్ వేస్తారన్న సంగతి మా జట్లలో ఎవరూ నాతో అనలేదు. బహుశా నేను అడిగే తీరులో వారికి నింద వినిపించి ఉంటుంది. పవర్ బ్యాంకులకు ఒప్పుకున్నారు. రౌటర్ల ఖర్చు గురించి ఆలోచిస్తామన్నారు. దానికోసం నేను ఒక లెక్క వేస్తున్నాను: పాత రేటుతో చీటీ పడి తర్వాత సరిదిద్దిన పట్టుబడుల్లో తేడా ఎంతో చూపిస్తే, రౌటరు ధర పెద్దదిగా కనిపించదని నా నమ్మకం.

కాకినాడ గారికి రెండు ప్రశ్నలు. మొదటిది, రౌటర్లు వచ్చేదాకా డ్రైవర్ల హాట్‌స్పాట్‌లనే వాడుకోవాలి. ఆండ్రాయిడ్ 13లో ఫలానా పేర్లున్న వైఫైలకే కలిసేలా జాబితా పెట్టవచ్చని ఎక్కడో చదివాను. డ్రైవర్లందరి ఫోన్లకూ ఒకే హాట్‌స్పాట్ పేరు పెట్టించి ఆ జాబితాలో వేస్తే సరిపోతుందా? రెండోది, జట్లను నడిపే మా మేస్త్రులకు కియోస్క్ నుంచి బయటకు వచ్చే పిన్ నంబరు ఇవ్వాలా?

కాకినాడ పరికరాలు:

జాబితా పెట్టవచ్చు. కానీ అది పేరును మాత్రమే చూస్తుందని గుర్తుంచుకోండి. ఎవరైనా తమ ఫోను హాట్‌స్పాట్‌కు అదే పేరు పెట్టుకుంటే జాబితా అడ్డుకోదు. అందుకని పేరుతో పాటు రహస్యపదం కూడా డ్రైవర్ల ఫోన్లలో మీరే పెట్టించి, ట్యాబ్‌లలో ఆ నెట్‌వర్క్‌ను ముందే చేర్చి, కొత్తవి చేర్చే దారి మూయండి. కొన్నాళ్లకు ఇది గట్టి ఏర్పాటే. శాశ్వతంగా మాత్రం వద్దు. డ్రైవరు సొంత డేటాను సంస్థ పనికి వాడుకోవడం న్యాయం కాదు, వాడుకున్నన్నాళ్లు ఆయనకు రీఛార్జి మీరే చేయించండి.

పిన్ విషయంలో నా అభిప్రాయం గట్టిది: ఇవ్వకండి. ఒకరికి ఇచ్చిన పిన్ వారంలో అందరి దగ్గరా ఉంటుంది. దాంతో హాట్‌స్పాట్, ఏరోప్లేన్ మోడ్ తిరిగి రావు, ఎందుకంటే ఆ ఆంక్షలు కియోస్క్ బయట కూడా అమల్లో ఉంటాయి. కానీ మిగతా యాప్‌లన్నీ తెరుచుకుంటాయి. మేస్త్రికి నిజంగా అవసరమయ్యేది వైఫై ఎంచుకునే చిన్న తెర ఒక్కటే. కొన్ని నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లలో కియోస్క్ తెర మీదే ఆ గుర్తు పెట్టుకోవచ్చు. ఇంటూన్ వారి మేనేజ్డ్ హోమ్ స్క్రీన్‌లో అలాంటిది ఉంది. మీ చీటీల యాప్ రాసినవారు కూడా తమ యాప్‌లోనే ఒక మీట పెట్టవచ్చు. అది నొక్కితే ఆండ్రాయిడ్ 10 నుంచి ఉన్న ఇంటర్నెట్ ప్యానెల్ తెరుచుకుంటుంది. అయితే ఆ ప్యానెల్ సెట్టింగుల యాప్‌కు చెందినది కాబట్టి, లాక్ టాస్క్‌లో దానికి అనుమతి ఇచ్చి ఒక ట్యాబ్ మీద ముందుగా పరీక్షించాలి.

ఇంకొకటి: మీ జట్లు ఎక్కడైనా లాడ్జీలో ఆగి అక్కడి వైఫై వాడాలనుకుంటే, గది నంబరు అడిగే లాగిన్ పేజీ లాక్ టాస్క్‌లో తెరుచుకోదు. ఆ పేజీని చూపించే వ్యవస్థ యాప్‌కు విడిగా అనుమతి ఇవ్వాలి. మీకు దాని అవసరం ఉండదనుకుంటాను.

అమలాపురం మాస్టారు:

నాది కొంచెం పక్కకు పోయే మాట, కానీ వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చేవారికి పనికొస్తుంది. మా పిల్లల చదువుకు ఐప్యాడ్‌లు వాడుతున్నాం. అందులో గైడెడ్ యాక్సెస్ పెట్టాం. అది పాలకొల్లు కాలువ గారు చెప్పిన పిన్నింగ్ లాంటిదే, గురువు పక్కన ఉన్నంతసేపు బాగుంటుంది. ఐప్యాడ్‌ను సంస్థ పర్యవేక్షణలోకి తెస్తేనే గట్టి ఆంక్షలు వస్తాయి. వైఫై ఎప్పుడూ వెలిగే ఉండాలన్న ఆంక్ష ఐఓఎస్ 13లో, మనం పెట్టిన నెట్‌వర్క్‌లకే కలవాలన్న ఆంక్ష అంతకుముందే 10.3లో వచ్చాయి. ఈ రెండోదాన్ని రహస్యపదం తప్పుగా ఉన్నప్పుడు పెడితే ఐప్యాడ్ కూడా పైన చెప్పిన ట్యాబ్‌లాగే దూరమైపోతుంది.

గట్టుచీటీ (భీమవరం):

అందరికీ కృతజ్ఞతలు. మేము తీసుకున్న నిర్ణయం రాస్తాను, లోపం కనిపిస్తే చెప్పండి.

ముందు ఒకే ట్యాబ్‌ను చెరిపి డివైస్ ఓనర్ పద్ధతిలో పెడుతున్నాం. దాన్ని సిగ్నల్ బాగా అందే ఉండి ఊరి వైపు కాకుండా, కష్టంగా ఉండే మొగల్తూరు వైపు వెళ్లే జట్టుకే ఇస్తాం. అక్కడ నిలబడితే మిగతాచోట్ల నిలబడుతుంది. హాట్‌స్పాట్, నెట్‌వర్క్ రీసెట్, మొబైల్ నెట్‌వర్క్, సేఫ్ మోడ్, సమయం మూస్తాం. పవర్ బ్యాంకులు చేతికి వచ్చిన రోజునే ఏరోప్లేన్ మోడ్ మూస్తాం, అంతకుముందు కాదు. బ్లూటూత్ తెరిచే ఉంటుంది. సిగ్నల్, బ్యాటరీ గుర్తులు కనిపిస్తాయి. వైఫైలో కేంద్రం నెట్‌వర్క్, లారీ నెట్‌వర్క్ ముందే ఉంటాయి, కొత్తవి చేర్చలేరు. ఎస్కేప్ హ్యాచ్ లేని సాఫ్ట్‌వేర్ కొనబోమని యజమాని మాట ఇచ్చారు. పిన్ ఎవరికీ ఇవ్వం. ఆండ్రాయిడ్ 9 ట్యాబ్‌లు రెండింటినీ గట్ల మీదికి పంపడం ఆపి కేంద్రంలో కాటా దగ్గర పెడుతున్నాం, అక్కడ వైఫై మారదు కాబట్టి పూర్తిగా మూసినా ఇబ్బంది లేదు.

వీటన్నిటికీ అదనంగా చీటీల యాప్ రాసినవారితో ఒక మార్పు చేయిస్తున్నాను. చీటీ మీద రేటు పక్కనే ఆ రేటు పట్టిక ట్యాబ్‌కు ఏ తేదీన, ఏ సమయానికి చేరిందో అచ్చవుతుంది. నిన్నటి పట్టిక అయితే ఆ వరుస పెద్ద అక్షరాల్లో వస్తుంది, కేంద్రం నుంచి రేటు తెలుసుకుని వేస్తే తప్ప చీటీ ముగియదు. సిగ్నల్ లేని చోట డ్రైవరు ఫోను నుంచి కేంద్రానికి మాట్లాడి రేటు వేయవచ్చు, రైతు ఎదురుగా స్పీకరు పెట్టి.

వశిష్ఠ ఒడ్డు గారూ, మొదటి పట్టుబడి అయ్యాక మా జట్టు చెప్పేది ఇక్కడ రాస్తాను. మీ సంస్థలో సిగ్నల్ గీతలు తిరిగి వచ్చాయో లేదో మీరూ రాయండి.

వశిష్ఠ ఒడ్డు (నర్సాపురం):

కాకినాడ గారు రాసినది మా పరికరాలు చూసే ఆయనకు ఫోనులో పంపాను. నిన్న వెళ్లిన ట్యాబ్‌లో గీతలు, బ్యాటరీ గుర్తు కనిపించాయి. లారీ రౌటరు మాట ఇంకా ఎత్తలేదు. మీ లెక్క పూర్తయితే ఇక్కడ పెట్టండి, అదే మా వాళ్లకూ చూపిస్తాను.